చెప్పలేం

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో ఉంది. మామూలుగా దాని ఫోన్లు మా అన్నయ్య మీద ఫిర్యాదుతో మొదలై వదిన మీద ఫిర్యాదుతో ముగుస్తాయి. ఈసారి ఆ వరస లేదు. గొంతు బాగా తగ్గించి, "అత్తా, గురువారం మధ్యాహ్నం నువ్వు ఖాళీ చేసుకోగలవా?" అంది.

ఏదో కన్సల్టింగ్ సంస్థకు దరఖాస్తు పెట్టిందట. తొలి వడపోత ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష. "నువ్వు ఊరికే లైన్లో ఉంటే చాలు. నేను ప్రశ్న చదువుతాను, నువ్వు జవాబు చెబుదువుగాని. మా క్లాసులో అందరూ ఇద్దరేసి కూర్చునే రాస్తున్నారు. కొందరు పక్కన ఇంకో ఫోను పెట్టుకుని ఏఐని అడుగుతున్నారు. నేను దాని బదులు నిన్ను పెట్టుకుంటున్నాను, అంతే తేడా" అంది.

యంత్రం కన్నా మేనత్త మేలనుకున్నందుకు సంతోషించాలో, మేనత్తను యంత్రంతో పోల్చినందుకు నొచ్చుకోవాలో తేలలేదు. "సాయంత్రం నేనే చేస్తాను, ఉండు" అని పెట్టేశాను. ఆ తర్వాత వంట చేస్తున్నా, బట్టలు మడుస్తున్నా మనసు దాని చుట్టూనే తిరిగింది. ఎందుకంటే ఆ పిల్ల అడిగిన ఏర్పాటు నాకు కొత్తది కాదు. ఒకసారి నేనూ చేసుకున్నాను. ఆ సంగతి ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

2012 శరత్కాలంలో నేను ఈ బర్మింగ్‌హాంలోనే, సెల్లీ ఓక్ ప్రాంతంలో, ఒక ఇరుకు ఇంట్లో మరో ముగ్గురు తెలుగువాళ్ళతో ఉండేదాన్ని. హైదరాబాదులో మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది వదిలేసి, అప్పుచేసి మేనేజిమెంటు చదవడానికి వచ్చాను. తెనాలిలో మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. నేను విమానం ఎక్కేనాటికి ఇక్కడ చదువుకున్న వారికి ఆ పైన రెండేళ్ళు ఉండి ఉద్యోగం వెతుక్కునే వీసా ఒకటుండేది. దాన్ని 2012 ఏప్రిల్ 6న ఎత్తివేశారు. నా చదువు సెప్టెంబరుకు గాని పూర్తి కాలేదు. ఇక ఉద్యోగమిచ్చే సంస్థే పూచీపడి వీసా ఇప్పించాలి, లేదా జనవరి ఆఖరుకు పెట్టె సర్దుకోవాలి.

కన్సల్టింగే ఎందుకు అంటే, గొప్ప కారణమేమీ లేదు. విదేశీయులకు వీసా ఇప్పించే సంస్థల జాబితా ముందు పెట్టుకుంటే అందులో కన్సల్టింగ్ సంస్థలు ఎక్కువ కనిపించాయి. ఊళ్ళో మాత్రం ఈ ఉద్యోగమేమిటో వివరించలేక అమ్మ నానా అవస్థా పడింది. "సలహాలు చెప్పడమట" అంటే మా పెదనాన్నగారు, "అదీ ఒక ఉద్యోగమేనా? నేను అరవయ్యేళ్ళుగా ఊరికే చెబుతున్నాను, ఒక్కడూ పైసా ఇవ్వలేదు" అన్నారట.

ఆ ఉద్యోగాల గుమ్మం దగ్గర కాపలా ఈ పరీక్షలే. మనిషిని చూడకముందే, బయోడేటా చదవకముందే, ఒక లంకె పంపుతారు. ఐదు రోజుల్లోగా మీకు వీలైనప్పుడు, మీ ఇంట్లోనే కూర్చుని రాయండి అంటారు. వేలమందిలోంచి వందలమందిని ఏరడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు. ఉపాయం పాతదే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, అమెరికా సైన్యం లక్షలాది కొత్త సిపాయిలను తూచడానికి ఇలాంటి సామూహిక పరీక్షలు పెట్టింది. ఉద్యోగాలకు ఈ సరుకు అమ్మే కంపెనీల్లో పేరున్న ఎస్.హెచ్.ఎల్. ఇంగ్లండులోనే 1977లో పుట్టింది. సావిల్, హోల్డ్స్‌వర్త్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పెట్టిన కంపెనీ. పేరులో మొదటి రెండక్షరాలు వాళ్ళవే.

పరీక్షలో స్థూలంగా మూడు భాగాలు. అంకెలవి, మాటలవి, బొమ్మలవి. విడివిడిగా చూస్తే ఏదీ కష్టం కాదు. మన ఎంసెట్ రాసినవాళ్ళు ఆ లెక్కలు చూసి నవ్వుకుంటారు. నేనూ నవ్వుకున్నాను. అంకెల పరీక్షలో క్యాలిక్యులేటరు వాడుకోవచ్చు అని రాసుంటే మరీ నవ్వొచ్చింది. మా నాన్నగారు సహకార బ్యాంకులో ముప్పై మూడేళ్ళు పద్దులు రాసిన మనిషి. పంతొమ్మిదో ఎక్కం తలకిందులుగా చెప్పించిన ఇల్లు మాది. అలాంటిదానికి క్యాలిక్యులేటరిచ్చి శాతాలు కట్టమంటారా అనుకుని, ఏ సాధనా లేకుండా, అక్టోబరు మొదటివారంలో ఒక రాత్రి అన్నం తిని కూర్చున్నాను.

పద్దెనిమిది ప్రశ్నలు, పాతిక నిమిషాలు. పదకొండో ప్రశ్న దగ్గర సమయం అయిపోయింది. తెర దానంతట అదే మూసుకుంది. మాటల పరీక్ష గడువులోపే పూర్తి చేశాను, అందులో బాగా రాశాననే అనుకున్నాను కూడా. మర్నాడు పొద్దున్న లేచేసరికి ఉత్తరం వచ్చి ఉంది. మీతో పాటు రాసినవారితో పోల్చి చూస్తే మీ స్థానం మాకు కావలసినంత పైన లేదు, ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు.

ఈ 'పోల్చి చూస్తే' అన్న మాట అప్పట్లో నాకు తలకెక్కలేదు. మన పరీక్షల్లో నూటికి ముప్పై అయిదు వస్తే గట్టెక్కినట్టు. ఇక్కడ ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎంతమంది కంటే పైన ఉన్నావన్నది లెక్క. ఆ ఎంతమంది ఎవరన్నది కూడా వాళ్ళే ముందుగా నిర్ణయించుకున్న గుంపు. అదే మార్కులతో గుమాస్తాల గుంపులో పైన ఉండవచ్చు, పట్టభద్రుల గుంపులో మధ్యలో ఉండవచ్చు.

ఇక మా ఇంటి సంగతి. పక్కగదిలో వరంగల్ కుర్రవాడుండేవాడు. నాకంటే మూడేళ్ళు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. వాడికి లెక్కలంటే మంచినీళ్ళు. నా మొహం చూసి, "గిదేం పెద్ద ముచ్చటక్కా? వచ్చేపాలి ఇద్దరం కూసుందాం. నువ్వు సదువు, నేను లెక్క జేస్త. అందరు గట్లనే జేస్తున్రు" అన్నాడు. అందరూ అలా చేయడం లేదని నాకు తెలుసు. ఆ కుర్రవాడు తన పరీక్షలన్నీ తలుపేసుకుని ఒక్కడే రాసుకునేవాడు. కాని ఆ రాత్రి నాకు తెనాలి ఇంటి కాగితాలు గుర్తొచ్చాయి, జనవరి గుర్తొచ్చింది. పరీక్షకు ముందు 'ఇది నేనే స్వయంగా, ఎవరి సాయమూ లేకుండా రాస్తున్నాను' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టడానికి ఒక్క సెకను కూడా పట్టలేదు. తర్వాత తలుచుకున్నప్పుడు అది నాకు చాలాసేపు జరిగినట్టుంటుంది.

వాడు అద్భుతంగా చేశాడు. 'చేశాము' అని రాయబోయి దిద్దుకున్నాను. నేను గట్టిగా చదవడం, వాడు రెండు క్యాలిక్యులేటర్లు పెట్టుకుని టకటకా కొట్టడం. రెండో రోజుకే లండను రమ్మని పిలుపు వచ్చింది. ఆ రాత్రి నలుగురం కలిసి గుత్తొంకాయ కూర వండుకుని పండగ చేసుకున్నాం. ఇంటికి ఫోను చేసి చెప్పాను. నాన్నగారు, "అదీ, అలా ఉండాలి. మొదటిసారి ఏదో తడబడ్డావు" అన్నారు.

నవంబరు మధ్యలో లండను వెళ్ళాను. ఒక హాల్లో పన్నెండుమందిమి. కాఫీలు, బిస్కట్లు, మెడలో పేర్ల చీటీలు. మొదటి అంశమే మళ్ళీ పరీక్ష. ఇంట్లో రాసినదానికన్నా చిన్నది, కాని ఈసారి గదిలో ఒక మనిషి కూర్చుని చూస్తూంటుంది. ఇంటి దగ్గర రాసినవారు నిజంగా వారేనా అని సరిచూసుకోవడానికి ఇలా రెండోసారి రాయించే పద్ధతి ఒకటుందని నాకు ఆ క్షణం వరకూ తెలియదు. మొదటి పట్టిక తెరమీదికి రాగానే నా కుడిపక్క ఖాళీగా ఉందన్న స్పృహ కలిగింది. అక్కడ వరంగల్ తమ్ముడు లేడు.

భోజనాల వేళ ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. యాభై ఏళ్ళుంటాయి, మెత్తని మనిషి. తలుపు దగ్గరగా వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది. "మీ రెండు ఫలితాలకూ ఉండవలసిన దానికన్నా ఎక్కువ తేడా ఉంది. ఇలా జరగడానికి ఎన్నో కారణాలుంటాయి. మీ విషయంలో అది ఏదో మేం చెప్పలేం. కాని మా నియమం ప్రకారం మిమ్మల్ని తర్వాతి ఘట్టానికి పంపలేను." నిందించలేదు. కళ్ళల్లోకి గుచ్చి చూడలేదు. నన్ను దొంగా అనుంటే కొంత కోపమైనా తెచ్చుకునేదాన్ని. యూస్టన్ స్టేషనులో రైలెక్కి బర్మింగ్‌హాం న్యూ స్ట్రీట్‌లో దిగేదాకా ఆ 'చెప్పలేం' అన్న మాటే చెవుల్లో ఉంది.

అసలు ఆ మాటతో నా తగాదా అంతకుముందే మొదలైంది. మాటల పరీక్షలో ఒక పేరా ఇస్తారు. దాని కింద ఒక వాక్యం. ఆ వాక్యం నిజమా, అబద్ధమా, చెప్పలేమా అన్నది తేల్చాలి. ఉదాహరణకు పేరాలో ఇలా ఉందనుకోండి: ఒక సంస్థ మూడు కర్మాగారాలను మూసివేసింది, ఆ మరుసటి సంవత్సరం లాభాలు పెరిగాయి. కింద వాక్యం: కర్మాగారాలు మూసివేయడం వల్ల లాభాలు పెరిగాయి. నేను నిజం అంటాను. లోకజ్ఞానమున్న ఎవరైనా అంటారు. సరైన జవాబు చెప్పలేం. మూసిన తర్వాత పెరిగాయన్నారు గాని, మూసినందువల్ల పెరిగాయని పేరాలో ఎక్కడా లేదు. అదే, 'ఆ సంస్థ ఏ కర్మాగారాన్నీ మూయలేదు' అనిస్తే అది అబద్ధం, ఎందుకంటే పేరాయే దాన్ని కాదంటోంది. కాదనడం వేరు, ఊరుకోవడం వేరు. పేరా ఊరుకున్నచోట మనమూ ఊరుకోవాలి.

నాబోటి కథలూ నవలలూ చదివి పెరిగినవాళ్ళకు ఇది మహా కష్టం. రచయిత చెప్పకుండా వదిలినదాన్ని పట్టుకోవడమే చదవడమని నేర్చుకున్నాం. పాత్ర కిటికీ దగ్గర నిలబడిందంటే దుఃఖంలో ఉందని ఊహించేస్తాం. పరీక్ష రాసిన యంత్రానికి కిటికీ ఒక్కటే తెలుసు.

మన తర్కశాస్త్రం ఈ విషయంలో నాకు కాస్త ఊరటనిచ్చింది. నైయాయికులు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఈ పరీక్షలో ప్రత్యక్షానికీ ఉపమానానికీ చోటు లేదు. ఉన్నది శబ్దం, అంటే ఆ పేరా. అనుమానానికి చోటుంది గాని షరతుతో. కొండమీద పొగ కనిపిస్తే నిప్పుందనడం మనకు తెలిసిన ఉదాహరణే కదా. అందులో 'పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది' అన్న వ్యాప్తి మనం ఇంటినుంచి తెచ్చుకున్నది. ఈ పరీక్షలో ఆ వ్యాప్తి కూడా పేరాలోనే రాసుండాలి. లేకపోతే ఎదురుగా కొండ తగలబడుతున్నా సరే, చెప్పలేం. (న్యాయవాద సంస్థలు ఎక్కువగా వాడే వాట్సన్–గ్లేజర్ అనే పరీక్ష ఇంకో మెట్టు పైన ఉంటుంది. అందులో ఒక భాగంలో నిజానికీ అబద్ధానికీ మధ్య 'బహుశా నిజం', 'బహుశా అబద్ధం' కూడా ఉంటాయి. అది నా జోలికి రాలేదు, అదృష్టం.)

లండను నుంచి వచ్చిన రెండు రోజులకు ఇంటికి ఫోను చేశాను. రాలేదని చెప్పాను. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదట పోయింది. రెండోది బ్రహ్మాండంగా వచ్చింది. మూడోది, అదే పరీక్ష, పోయింది. ఈ చిట్టాకూ ఆవర్జాకూ పొంతన కుదరడంలేదే అమ్మా. ఎక్కడ పోయిందంటావు?" అన్నారు. ముప్పై మూడేళ్ళు అణా పైసలతో సహా లెక్క సరిపోయేదాకా బ్యాంకునుంచి కదలని మనిషి. "టైము చాలలేదు నాన్నా" అన్నాను. "ఊఁ" అన్నారు.

మర్నాటినుంచి తనే మొదలుపెట్టారు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, ఇక్కడ మధ్యాహ్నం మూడు. స్కైపులో ఆయన మొహం ఎప్పుడూ సగమే కనిపించేది, మిగతా సగం సీలింగు ఫ్యాను. నేను అభ్యాస ప్రశ్నలు పంపేదాన్ని, అన్నయ్య అచ్చు తీసి ఇచ్చేవాడు. వారం తిరిగేసరికి నేను ఎక్కడ తప్పుతున్నానో ఒక కాగితం మీద రాసి పెట్టారు. అందులో లెక్క తప్పినవి రెండే. మిగిలినవన్నీ చదవడంలో తప్పినవి. పట్టిక నెత్తిన చిన్న అక్షరాల్లో 'వేలల్లో' అని ఉంటే చూడలేదు. మార్కెట్టులో వాటా 20 శాతం నుంచి 25 శాతానికి పెరిగితే పెరుగుదల ఎంత అంటే 5 అని గుర్తుపెట్టాను. వాటా ఐదు పాయింట్లు పెరిగింది, పెరుగుదల పాతిక శాతం. ప్రశ్నలో ఏది అడిగాడో చూడలేదు. పౌండ్లను యూరోల్లోకి మార్చేచోట గుణించవలసింది భాగించాను.

అన్నిటికన్నా ఆయన్ను బాధపెట్టినది ఇది. ఈ ఏడు అమ్మకాలు 5 కోట్ల 60 లక్షలు, నిరుటికంటే 12 శాతం ఎక్కువ, నిరుడు ఎంత? నేను 5 కోట్ల 60 లక్షల్లోంచి 12 శాతం తీసేశాను. నాలుగు కోట్ల తొంభై రెండు లక్షల ఎనభై వేలు వచ్చింది. జవాబుల్లో ఆ అంకె పొందిగ్గా ఉంది కూడా. తప్పు చేసేవాడు ఏ తప్పు చేస్తాడో ముందే ఊహించి, దాన్ని జవాబుల్లో పెట్టి ఉంచుతారు. "పన్నెండు శాతం దేనిమీద? నిరుటిమీద. నిరుడు నూరైతే ఈ ఏడు నూట పన్నెండు. భాగించు" అన్నారు. సరిగ్గా ఐదు కోట్లు. "అనుమానమొస్తే తిరగేసి కట్టాలమ్మా. నీ అంకెకు పన్నెండు శాతం కలిపి చూడు, అసలుకు చేరదు." ఆయన నేర్పిన ఇంకో సంగతి, అంకె వేసేముందే అది ఎక్కడుండాలో చూసుకోవడం. 4 లక్షల 3 వేలలో 19.7 శాతం అంటే నాలుగు లక్షల్లో ఐదోవంతు, ఎనభై వేల చుట్టుపక్కల. జవాబులు దూరదూరంగా ఉంటే క్యాలిక్యులేటరు ముట్టుకోనే అక్కరలేదు. రానిదాన్ని పట్టుకుని వేలాడకుండా ముందుకు పొమ్మన్నది మాత్రం ఆయన చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను. ఒక్క పైసా తేడా వదలని మనిషి అది ఎలా చెబుతారు?

మాటల భాగానికి ఆయన సొంతంగా ప్రశ్నలు తయారుచేసేవారు. ఒకరోజు, "మీ అమ్మ గుడికి వెళ్ళింది. గుళ్ళో ఇవాళ పులిహోర పంచారు. మీ అమ్మ పులిహోర తిన్నది. ఏమంటావు?" అన్నారు.

"నిజం."

"నీకెవరు చెప్పారు?"

"అమ్మ పులిహోర వదులుతుందా నాన్నా?"

"వదలదు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెలీదు."

వెనకనుంచి అమ్మ గొంతు, "తినలేదు. నేను వెళ్ళేసరికే అయిపోయింది" అని వినిపించింది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను చెప్పలేం అన్న జవాబును తప్పించుకు తిరగడం మానేశాను.

అన్నట్టు, బొమ్మల పరీక్ష అమ్మదే. వరసగా బొమ్మలిచ్చి తర్వాత వచ్చేదేమిటో అడుగుతారు. రేవెన్ అనే ఆయన 1938లో ప్రచురించిన చట్రాల పరీక్షకు మనవలూ మునిమనవలూ ఇవన్నీ. గీత ఎటు తిరుగుతోంది, చుక్క ఎన్ని గళ్ళు జరుగుతోంది, రంగు ఎన్నో బొమ్మకు మారుతోంది అని ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. ఎనిమిదో తరగతితో చదువాపేసి, నలభై ఏళ్ళుగా వాకిట్లో చుక్కల ముగ్గులు వేసిన మా అమ్మ ఆ కాగితాలు చూసి, "దీనికి పరీక్షెందుకే? ఇది మెలికముగ్గేగా" అంటూ వేలితో చూపించేది. తప్పడం అరుదు.

డిసెంబరు రెండోవారంలో ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థకు మళ్ళీ రాశాను. తలుపు గడియ వేసుకుని, ఫోను ఆపేసి, వరంగల్ తమ్ముణ్ణి సినిమాకి పొమ్మని. స్వయంగా రాస్తున్నానన్న గడి దగ్గర ఈసారి కాస్త ఆగాను. పద్దెనిమిదింటిలో రెండు వదిలేశాను. వాళ్ళూ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి మళ్ళీ రాయించారు. రెండూ సరిపోయాయి. జనవరి మూడో తేదీన ఉత్తరం వచ్చింది. వరంగల్ తమ్ముడు పరీక్షలన్నీ నెగ్గి ఇంటర్వ్యూలన్నీ పోగొట్టుకుని ఆ నెలాఖరుకే వెళ్ళిపోయాడు. న్యాయంగా చూస్తే ఉండవలసింది అతను.

ఆ ఉద్యోగంలో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడ పరీక్షలో నేర్చుకున్న శాతాలు రోజూ పనికొచ్చాయి. చెప్పలేం అన్న మాట మాత్రం డబ్బిచ్చి సలహా అడిగినవాడి ముందు అనడానికి చాలా ధైర్యం కావాలి. నేను రెండుమూడుసార్లకు మించి అనలేదేమో.

నాన్నగారు 2019లో పోయారు. ఆ మధ్యలో ఎన్నోసార్లు ఇంటికి వెళ్ళాను, అరుగుమీద పక్కపక్కన కూర్చున్నాం. చెబుదామనుకున్న రోజులున్నాయి. ఒకసారి ఆయనే, "ఆ లండను పరీక్ష సంగతి నాకెప్పుడూ తేలలేదమ్మా" అన్నారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు, మేనకోడలికి ఫోను చేశాను. గురువారం నేను లైన్లో ఉండనని ముందే చెప్పేశాను. అది వాదనకు దిగింది. ఇప్పుడు పరీక్షలు మారిపోయాయంది. నిజమే. మెకిన్సీ వాళ్ళు ఒకప్పుడు కాగితం మీద 60 నిమిషాల్లో 26 ప్రశ్నలు ఇచ్చేవారు. ఇప్పుడు దాని స్థానంలో కంప్యూటరు ఆటలాంటిది పెట్టారు. మొదట్లో అందులో ఏ జీవి దేన్ని తిని బతుకుతుందో చూసుకుని, కూలిపోకుండా నిలబడే జీవావరణాన్ని కట్టమనేవారు. ఇంకొన్నిచోట్ల కెమెరా మన మొహాన్ని గమనిస్తూ ఉంటుంది, వేరే కిటికీ తెరిస్తే నమోదవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్నల పొత్తి ఇస్తారు. "ఇన్ని కాపలాలు పెట్టారంటే అందరూ చేస్తున్నారనే కదా అత్తా?" అంది. "చెప్పలేం" అన్నాను. దానికి అర్థం కాలేదు.

అప్పుడు లండను సంగతి చెప్పాను. సెల్లీ ఓక్, గడిలో టిక్కు, గుత్తొంకాయ కూర, తలుపు దగ్గరగా వేసిన ఆవిడ, అన్నీ. వయసులో నాలో సగం లేని పిల్లకు చెబుతుంటే గొంతు నాది కానట్టు వినిపించింది. అది మధ్యలో ఒక్కమాట మాట్లాడలేదు. చివరికి, "తాతయ్యకి చెప్పావా?" అంది.

"లేదు."

"నాన్నకి?"

"లేదు. నువ్వు చెప్పదల్చుకుంటే చెప్పు."

కాసేపు ఇద్దరం ఫోను పట్టుకుని ఊరికే కూర్చున్నాం. తర్వాత అభ్యాస ప్రశ్నలు తీయమన్నాను. అది చదువుతుంది, అదే చెబుతుంది, నేను గడియారం మాత్రం చూస్తాను అన్నది ఒప్పందం. శాతాలు తిరగేసేచోట అచ్చంగా నేను తప్పినచోటే తప్పింది. మాటల దగ్గర నాకన్నా నయం. పులిహోర ప్రశ్న ఇస్తే రెండు సెకన్లలో చెప్పలేం అంది. నానమ్మ సంగతి తెలిసి కూడా.

గంటన్నర అయ్యాక, ఇక పడుకో అన్నాను. "ఒక్కటి నేనిస్తాను అత్తా" అంది. "అత్త ఆ రెండోసారి కూడా ఒక్కతే రాసి ఉంటే, ఆ లండను ఉద్యోగం వచ్చేది కాదు. నిజమా, అబద్ధమా, చెప్పలేమా?"

నేను గడియారం చూస్తున్నాను. ముప్పై సెకన్లు దాటాయి. "నీకు టైమవుతోంది అత్తా" అంది. రేపు శాతాలు ఇంకో ఇరవై చేసి పంపమని చెప్పి ఫోను పెట్టేశాను.